అమ్మ అనని అంకె

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇరవై ఏళ్ళు దాటింది. దయ్యమని, గాలి సోకిందని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్ల ప్రేయర్‌లో రెండు రోజులు వరసగా పడిపోయింది. గాలి పట్టిందని వాళ్ళ మేనత్త వేపమండలు పట్టుకుని స్కూలుకి వచ్చేసింది. ఆవిణ్ణి గేటు దగ్గరే ఆపి, పిల్లని ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాను. ఒంట్లో రక్తం లేదు, అంతే. ఆ దెబ్బకి పిల్లలు నాకు దయ్యాల టీచరని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ రాసింది చదివి ‘పాపం, తల్లి పోయిన బెంగలో ఏదో విన్నట్టు అనిపించి ఉంటుంది’ అని జాలిపడేవాళ్ళు ఉంటారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. ఆ రోజు గదిలో నలుగురం ఉన్నాం. పొద్దున పదకొండు గంటలు. కిటికీలు తెరిచే ఉన్నాయి, బయట ఎండ పెళపెళలాడుతోంది. ఎవరం నిద్రమత్తులో లేము.

మాది నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో ఒక ఊరు. నాన్న ముప్పై ఏళ్ళు వేరేవాళ్ళ మామిడితోటలకి కాపలా ఉన్నారు. అమ్మ పేరు సారమ్మ. హనుమాన్ జంక్షన్ రోడ్డు మీద ఒక కాయల షెడ్డులో పనిచేసేది. వేసవిలో తోటల నుంచి ట్రాక్టర్ల మీద కాయ దిగుతుంది. బంగినపల్లి, కలెక్టరు కాయ తూకం మీద పోతాయి. ఆ షెడ్డులో చిన్నరసాలు మాత్రం ఇప్పటికీ లెక్క మీదే ఇస్తారు. ఆ లెక్కపెట్టడం అమ్మ పని. గడ్డి పరుచుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఒక్కో విసురుకి అయిదు కాయలు తీసి ట్రేలో వేస్తూ గొంతెత్తి అంకె చెప్పేది. ఇరవై అంకెలు చెబితే వంద కాయలు.

ఆ లెక్క తెలియనివాళ్ళకి వింతగా ఉంటుంది. మొదటి అంకెని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు, అలా వెళ్తుంది. ఆరు తర్వాత ఏడు అనరు. ఏడు అంటే ఏడవమని చెప్పినట్టు కదా. ఇంటికి వచ్చిన పంట దగ్గర ఆ మాట ఎందుకని ఆరున్నొకటి అంటారు. తర్వాత ఎనిమిది. మా చిన్నతనంలో ఊళ్ళో పెద్దవాళ్ళు చాలామంది ఇలాగే లెక్కపెట్టేవాళ్ళు. రానురాను అందరూ మానేశారు. అమ్మ మానలేదు. పదిహేడు కూడా అనేది కాదు, పదహారున్నొకటి అనేది.

నేను లెక్కలు నేర్చుకున్నది ఆ గడ్డి మీదే. అందుకని ఒకటో తరగతిలో మాస్టారు అంకెలు చెప్పమంటే లేచి నిలబడి లాభం, రెండు అని మొదలుపెట్టి ఆరున్నొకటి దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. క్లాసంతా పడీపడీ నవ్వారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ మీద ఎంత అరిచానో! నీ వల్లే నా పరువు పోయిందన్నాను. పెద్దయ్యాక కూడా, నీ కూతురు లెక్కల టీచరమ్మా, కనీసం నా ముఖం చూసైనా సరిగ్గా లెక్కపెట్టు అని సాధించేదాన్ని. మా పాస్టరుగారు కూడా ఒకసారి, మనం ఇలాంటివి నమ్మకూడదు కదా సారమ్మా అన్నారు. “ఇది నమ్మకం కాదండి అయ్యగారూ, మర్యాద” అంది.

ఇక సినిమా సంగతి. పేరు రాయను, వాళ్ళతో నాకు గొడవ లేదు. మొదటి భాగం నేను టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో వచ్చింది. థియేటర్లో వారం కూడా ఆడలేదు. తర్వాత టీవీలో వేసి వేసి, ఫోన్లలో ముక్కలు ముక్కలుగా తిరిగి, కుర్రాళ్ళకి అదొక పిచ్చి అయిపోయింది. కథ పెద్దగా ఏం లేదు. ఒక ఇంట్లో కనపడని ఆడమనిషి ఒకతె ఉంటుంది. రోజూ ఇంట్లోవాళ్ళని లెక్కపెడుతుంది. లెక్క ఏ మనిషి దగ్గర ఆగితే ఆ మనిషి పోతాడు. మా స్కూల్లో కూడా పిల్లలు వెనక బెంచీలో కూర్చుని ఆ గొంతుతో ఒకటీ రెండూ అంటూ లెక్కపెట్టి, ఒకడి దగ్గర టక్కున ఆపేవాళ్ళు. వాడు ఏడుపు ముఖం పెట్టేవాడు. ఎన్నిసార్లు చెవులు పిండానో నాకే తెలియదు.

ఇన్నేళ్ళకి దానికి రెండో భాగం తీశారు. కిందటేడాది మే నెలలో కొంత షూటింగు అమ్మ పనిచేసే షెడ్డులోనే జరిగింది. నేను అక్కడ లేను. అమ్మ పక్కన కూర్చుని పాతికేళ్ళు కాయలు ఏరిన నాగరత్నం పిన్ని ఉంది. ఆవిడ చెప్పిన మాటే రాస్తున్నాను.

డైరెక్టరు అమ్మ లెక్కపెడుతుంటే విన్నాడట. ఆ గొంతు, ఆ లాభం అనే మాట బాగా నచ్చేశాయి. ఈసారి సినిమాలో లెక్కపెట్టే గొంతు ఈవిడదే అన్నాడు. పొడుగాటి కర్రకి బొచ్చు మైకు కట్టి అమ్మ తల మీదకి పట్టుకున్నారు. అమ్మ పైకి చూసి, “మనం చిక్కం కర్రతో కాయ కోసినట్టు వీళ్ళు మాటలు కోత్తన్నారే” అందట. అందరూ నవ్వారట.

తర్వాత గొడవొచ్చింది. ఒక్కసారి ఆరున్నొకటి బదులు ఏడు అనమ్మా, రెండు రకాలుగా పెట్టుకుంటాం అన్నాడు డైరెక్టరు. అమ్మ అననంది. ఇది ఉత్త సినిమానే అన్నారు. “సినిమా మీదేనండి, కాయలు మాయి” అంది. పావుగంట బతిమాలారట. చివరికి షెడ్డు మేనేజరు వచ్చి చెప్పినా వినలేదు. వాళ్ళే తగ్గారు. పది దాకా మూడుసార్లు లెక్కపెట్టించుకుని వెళ్ళిపోయారు. ఆ మూడుసార్లూ ఆరున్నొకటే.

ఆగస్టులో అమ్మకి జ్వరం వచ్చింది. మూడో రోజుకి హాస్పిటల్లో చేర్చాం. ఏడో రోజు పోయింది. అంతకంటే చెప్పడానికి ఏం లేదు. తమ్ముడు ప్రసాదు నేల మీద పడిపోయాడు. నాన్న ఒక మూల బెంచీ మీద కూర్చుని గోడ వైపు చూస్తూ ఉండిపోయారు. కాగితాల మీద సంతకాలు పెట్టింది నేను. పెట్టె తెప్పించింది నేను. పాస్టరుగారికి, బంధువులకి ఫోన్లు చేసింది నేను. సమాధి దగ్గర ఎండలో నిలబడ్డవాళ్ళకి మంచినీళ్ళు అందాయా లేదా అని చూసుకుంది కూడా నేనే. ఎవరో ఒకరు గట్టిగా నిలబడాలి కదా. నాలుగో రోజు స్కూలుకి వెళ్ళి తొమ్మిదో తరగతికి క్లాసు తీసుకున్నాను.

నాన్నని నూజివీడులో మా ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆయన ఏలూరులో ఉద్యోగం, వారానికోసారి వస్తారు. మా అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. నాన్నకి రెండేళ్ళ కిందట గుండెకి స్టెంటు వేశారు. ఆందోళన పడకూడదు, దిగులు పెట్టుకోకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పారు. దిగులు పెట్టుకోవద్దంటే మానేసేదా అది? ఆయన తిండి సగానికి పడిపోయింది. పిలిస్తే పలికేవారు, అంతే. కంట నీరు మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు. లోపలే పెట్టుకుని కుమిలిపోతున్నారు, ఏడిస్తే తేలికపడతారు అని తమ్ముడూ నేనూ అనుకునేవాళ్ళం.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒకరోజు ఉన్నట్టుండి నన్ను పిలిచారు. “గ్రేసమ్మా, మీ అమ్మ గొంతు నాకు గుర్తు రావట్లేదే” అన్నారు. ముఖం గుర్తుంది, నడక గుర్తుంది, గొంతు పట్టుకుందామంటే జారిపోతోంది అన్నారు. ఆ చెప్పడంలో ఒక భయం ఉంది. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు పోగొట్టుకుంటున్నానని భయం.

వెతికాం. మా దగ్గర అమ్మ గొంతు ఎక్కడా లేదు. ఫోను ఎత్తి వీడియో తీయబోతే చెంగు అడ్డం పెట్టుకునేది. తమ్ముడి పెళ్ళి వీడియో నిండా పాటలే. వాడికి సెల్‌ఫోన్ల షాపు ఉంది, పాత ఫోన్లన్నీ తెరిచి చూశాడు. ఒక్క ముక్క దొరకలేదు. అప్పుడు సినిమా గుర్తొచ్చింది.

సినిమా ఫిబ్రవరిలో విడుదలయింది. నేనొక్కదాన్నే వెళ్ళి మ్యాట్నీ చూశాను. గంటా పద్దెనిమిదో నిమిషంలో వచ్చింది ఆ సీను. హీరోయిన్ షెడ్డులో ట్రేల వెనక దాక్కుని ఉంటుంది. ఎక్కడి నుంచో అమ్మ గొంతు. లాభం, రెండు, మూడు. కింద మ్యూజిక్ ఉంది, అయినా స్పష్టంగా ఉంది. పది దాకా చెప్పింది. థియేటర్లో కుర్రాళ్ళు ఈలలు వేశారు. నేను సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. సీను అయిపోయాక లేచి బయటికి వచ్చేశాను, మిగతా సినిమా నాకెందుకు.

నాన్నని ఆ చప్పుళ్ళ మధ్య థియేటరుకి తీసుకెళ్ళే ప్రసక్తే లేదు. ఓటీటీలో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాం. నాన్న రోజూ అడిగేవారు. “వచ్చిందా అమ్మా?” ఇంకా రాలేదు నాన్నా. మళ్ళీ మర్నాడు అదే ప్రశ్న. దయ్యం సినిమా కోసం ఊళ్ళో కుర్రాళ్ళ కంటే ఎక్కువగా ఎదురుచూసింది డెబ్భై రెండేళ్ళ మా నాన్నే అయుంటారు. మే నెలలో ఒక శుక్రవారం వస్తుందని ప్రకటించారు.

తమ్ముడికి భయం. వద్దక్కా, వింటూ వింటూ ఏమన్నా అయితే ఎవరిది పూచీ అన్నాడు. నాకు భయం లేదని కాదు. కానీ వినకుండా ఆయన పోతే? ఆ పూచీ ఎవరిది? ఇద్దరం ఫోన్లో ఒకళ్ళ మీద ఒకళ్ళం అరుచుకున్నాం. చివరికి నా మాటే నెగ్గింది. సినిమా మొత్తం వద్దు, ఆ ఒక్క సీనే వేద్దాం, రిమోటు నా చేతిలో ఉంటుంది, నాన్న ముఖంలో ఏ మాత్రం తేడా కనిపించినా ఆపేస్తాను అన్నాను.

శుక్రవారం పొద్దున తమ్ముడు వచ్చాడు. నాగరత్నం పిన్ని కూడా బస్సెక్కి వచ్చింది, సారమ్మ గొంతు నేనూ వింటానని. నాన్నకి వినికిడి తక్కువ. అందుకని తమ్ముడు షాపులోంచి చిన్న బ్యాటరీ స్పీకరు తెచ్చి, నాన్న కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టి, టీవీకి కలిపాడు. నేను నాన్న బీపీ చూశాను, బాగానే ఉంది. గుండె మాత్రలు, నీళ్ళు అందుబాటులో పెట్టుకున్నాను. ఆటో అతనికి ముందే చెప్పి వీధి చివర ఉండమన్నాను.

నాన్న తెల్లచొక్కా వేసుకున్నారు. ఇస్త్రీ చేసిన చొక్కా.

గంటా పదిహేడో నిమిషం దగ్గర పెట్టి వదిలాను. షెడ్డు, చీకటి, ట్రేలు. పిన్ని, “అదుగో మన షెడ్డు” అని గొణిగింది. హీరోయిన్ ఊపిరి చప్పుడు. తర్వాత అమ్మ గొంతు. లాభం.

నాన్న ఒక్కసారి ముందుకి వంగారు. రెండు. ఆయన పెదాలు కదులుతున్నాయి. మూడు. నేను టీవీ వైపు చూడటం లేదు, ఆయన్నే చూస్తున్నాను. నాలుగు అనేటప్పటికి కుడిచెయ్యి ఎత్తి ఛాతీ మీద పెట్టుకున్నారు. కళ్ళు పెద్దవయ్యాయి. రిమోటు నొక్కేశాను.

బొమ్మ ఆగింది. హీరోయిన్ నోరు సగం తెరుచుకుని అలాగే నిలిచిపోయింది.

గొంతు ఆగలేదు. అయిదు అంది.

స్పీకరు కాస్త వెనకబడి పలుకుతుందేమో అనుకున్నాను. తమ్ముడు కూడా అదే అనుకున్నాడట. మళ్ళీ నొక్కాను. బొమ్మ కదల్లేదు. అక్కా ఆపు, ఆపు అంటూ వాడే లేచి గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి తీసేశాడు. టీవీ నల్లబడింది.

ఆరు.

ఈసారి కింద మ్యూజిక్ లేదు. ట్రేలో కాయలు పడిన చప్పుడు కూడా ఉంది, గడ్డి మీద నుంచి తీసి వేస్తే వచ్చే మెత్తటి చప్పుడు. తమ్ముడు స్పీకరు ఎత్తి దాని వెనక ఉన్న బటన్ నొక్కి పట్టుకున్నాడు. చిన్న దీపం ఆరిపోయింది. అది ఆరిపోవడం నేను నా కళ్ళతో చూశాను.

తర్వాత ఏమీ లేదు. ఆరు దగ్గర ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, బయట ఎవరో బిందె కడుగుతున్నారు. నాగరత్నం పిన్ని నా జబ్బ గట్టిగా పట్టుకుంది. “ఆగిపోయిందే గ్రేసూ. లెక్క ఆగిపోయిందే” అంది. ఆ సినిమాలో లెక్క ఆగితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు, వాళ్ళ మనవలు రోజూ ఆడే ఆటే. మేం ముగ్గురం నాన్న వైపే చూస్తున్నాం. ఆయన చెయ్యి ఇంకా ఛాతీ మీదే ఉంది. ఊపిరి తీస్తున్నారో లేదో తెలియడం లేదు. దేవుడా, నేనే చంపేశాను అనుకున్నాను.

అప్పుడు వినపడింది.

ఏడు.

అమ్మ గొంతే. లెక్కపెట్టే గొంతు కాదు. గట్టిగా కూడా లేదు. పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు, మెల్లగా, ఒక్క మాట. ఎటు నుంచి వచ్చిందని అడిగితే చెప్పలేను. స్పీకరు తమ్ముడి చేతిలో ఉంది, వాడు గోడ పక్కన ఉన్నాడు. మాట అక్కడి నుంచి రాలేదు.

నాన్న ఛాతీ మీద నుంచి చెయ్యి తీశారు. పెద్దగా ఊపిరి పీల్చుకుని వదిలారు. మంచినీళ్ళు అడిగారు. బీపీ చూస్తే పొద్దున ఎంతుందో అంతే ఉంది. ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. “సారా గొంతు” అన్నారు. “ఇదే. ఇప్పుడు గుర్తొచ్చింది.” ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నారు.

ఆయన తేలికపడ్డారు, నేను మాత్రం పిచ్చిపట్టినట్టు అయిపోయాను. ముందు తమ్ముడి మీద విరుచుకుపడ్డాను, ఏం స్పీకరు తెచ్చావురా, ఎవడి ఫోనుకి కలిపావు అని. వాడు ఏడు అనే మాట విననేలేదన్నాడు. ఆరు దాకా విన్నాడు, స్విచ్చి తీశాక కూడా విన్నాడు, ఆ తర్వాత ఏమీ లేదన్నాడు. పిన్ని విన్నది. “విన్నా కాబట్టే భయం. సారమ్మ ఏడు అనదు కదే. కాయల కాడ చచ్చినా అనదు” అంది. ఆ మాట అన్నాక నాలిక కరుచుకుంది.

ఆ సాయంత్రమే సీను మళ్ళీ వేశాం, నాన్న లేకుండా. ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. థియేటర్లో విన్నదే. సబ్‌టైటిల్స్ పెట్టి కూడా చూశాను. లాభం అన్నచోట వ్యాపారంలో వచ్చే లాభమనుకుని ఇంగ్లీషులో అదే వేశారు మహానుభావులు. ఆరున్నొకటిని ఆరు, ఒకటి అని రెండు ముక్కలు చేశారు. ఏడు ఎక్కడా లేదు. అదే స్పీకరుతో, అదే చోట ఆపి చూశాం. బొమ్మతో పాటే గొంతు ఆగిపోయింది. వంద సార్లు ఆపాం అంటే ఎక్కువ చెప్పినట్టు అవుతుంది గానీ, ఇరవై సార్లకి తక్కువ కాదు. ఒక్కసారీ దాటలేదు.

బొచ్చు మైకు పట్టుకున్న కుర్రాడి నంబరు కోసం తిరిగాను. అంతకుముందు అమ్మ రికార్డింగు కోసం సినిమా ఆఫీసువాళ్ళని అడిగితే ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి షెడ్డు మేనేజరు దగ్గర దొరికింది. మంచివాడు. తన దగ్గర ఉన్న రికార్డింగులు మూడూ పంపించాడు. మూడూ పది పదిసార్లు విన్నాను. మూడోదాని చివర అమ్మ నవ్వి, “చాలా బాబూ, ఇంకా కావాలా?” అంటుంది. ఏడు అని ఎక్కడా లేదు. పావుగంట బతిమాలినా అనలేదని ఆ అబ్బాయి కూడా చెప్పాడు.

మనసు కల్పించుకుందంటారా? సరే, ఒక్క నేనే వింటే అలాగే అనుకునేదాన్ని. నాన్న విన్నారు, పిన్ని విన్నది. తమ్ముడు మరి ఎందుకు వినలేదు? పక్కింటి నుంచి వచ్చిందా? కనుక్కున్నాను, ఆ పూట వాళ్ళింట్లో ఉన్నది ఇద్దరు పిల్లలే. నాకు తెలిసిన లెక్కలన్నీ వేసి చూశాను. ఏదీ కుదరలేదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. ఆ మాట నాన్న కోసం. అన్ని నెలలూ కంట నీరు పెట్టకుండా బిగపట్టుకున్నారు, ఏడవమని చెప్పింది అమ్మ. అలా అనుకున్నాను. తమ్ముడూ ఒప్పుకున్నాడు.

జూన్ మొదట్లో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, నాన్న వరండాలో కూర్చుని రసం కాయ మెత్తగా పిసికి జుర్రుకుంటున్నారు. ఆ వేసవిలో ఆయన తిన్న మొదటి పండు. నేను పక్కన స్టూలు వేసుకుని, స్కూలు తెరిచాక పెట్టే పరీక్షకి పేపర్లు రాసుకుంటున్నాను. ఇదే సమయం అనుకున్నాను. పిల్లలకి బోధించినట్టే మొదలుపెట్టాను. దుఃఖం లోపల పెట్టుకోకూడదు నాన్నా, ఏడవాలనిపిస్తే ఏడవండి, అమ్మ కూడా ఆ రోజు మీకు అదే చెప్పింది కదా అన్నాను.

నాన్న తింటున్న పండు ఆపి నా వైపు వింతగా చూశారు.

“నాకెందుకు చెబుతదే?” అన్నారు. “మీ అమ్మ నలభై ఆరేళ్ళు కాపురం చేసింది. కోపంలో కూడా నన్ను అండీ లేకుండా ఒక్క మాట అనలేదు. నన్నైతే ఏడవండి అనేది. ఏడు అన్నదంటే నన్ను కాదు.”

మరి ఎవరిని నాన్నా అన్నాను.

“నీ తమ్ముడు ఆసుపత్రిలోనే పడి దొర్లి ఏడ్చాడు. నాగరత్నం ఇప్పటికీ ఏడుస్తానే ఉంది. నేను రోజూ తెల్లారకట్ట దిండులో ముఖం పెట్టుకుని ఏడుస్తున్నా, నీకు తెలీదు. నీ పరీక్షలూ నీ పనులూ నీవి. ఆ గదిలో ఏడవంది నువ్వొక్కదానివే గ్రేసమ్మా.”

పేపర్లు నా ఒళ్ళోంచి ఎప్పుడు జారిపోయాయో తెలియదు. ఆ రోజు వినపడింది ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. దయ్యాలు ఉన్నాయని ఇప్పటికీ అనను. లేవని ఇదివరకు చెప్పినట్టు కూడా చెప్పలేను. నాన్న కుర్చీ పక్కన నేల మీద కూలబడి, ఆయన మోకాలి మీద తల పెట్టి, అమ్మా అమ్మా అంటూ చిన్నపిల్లలా గొంతెత్తి ఏడ్చాను. పది నెలలది అంతా అప్పుడే వచ్చింది. నాన్న ఊరుకోమనలేదు. మామిడి రసం అంటిన చెయ్యే నా వీపు మీద వేసి నిమురుతూ ఉన్నారు. చప్పుడు విని పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి గేటు దగ్గర నిలబడింది, ఏమైంది బాబాయి గారూ, టీచరుగారికి ఏమైంది అని.

“ఏం లేదమ్మా” అన్నారు నాన్న. “వాళ్ళమ్మ పోయింది.”